ఈగ ముందు కళ్లే ఎందుకు తుడుచుకుంటుంది?

మేట్టుపాళయం, కారమడై వైపు ఇళ్లలో అరటిపండుకు కొదవ లేదు. బాగా మగ్గిన పండు ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే చాలు, ఆవగింజంత ఈగలు వచ్చి వాలతాయి. మనం చేత్తో విదిలించి తోలేసే ఆ ఈగ పేరు డ్రోసోఫిలా. వందేళ్లకు పైగా జీవశాస్త్ర ప్రయోగశాలల్లో దాన్ని పెంచుతున్నారు. మామిడి, జామ కాయల్లో గుడ్లు పెట్టి పంటను పాడుచేసే పండు ఈగ వేరు. ఇది ఎక్కువగా పులిసిన పండు మీద బతికేది.

వాలిన ఈగను కాసేపు చూడండి. ముందుకాళ్లు రెండూ రుద్దుకుంటుంది. వాటితోనే కళ్లు తుడుచుకుంటుంది. వెనకకాళ్లతో పొట్టనూ రెక్కలనూ దువ్వుకుంటుంది. దానికి అదే స్నానం. కళ్ల మీద దుమ్ము పడితే చూపు ఆనదు. తల మీది స్పర్శశృంగాలకు దుమ్ము పడితే వాసన సరిగా తెలియదు.

వరుస ఎలా వచ్చింది?

అమెరికాలోని జనేలియా పరిశోధన కేంద్రంలో ఆండ్రూ సీడ్స్, జూలీ సింప్సన్, వారి సహచరులు ఈగల ఒళ్లంతా పొడి పూసి చూశారు. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఈగలు ముందు కళ్లు, తర్వాత స్పర్శశృంగాలు, ఆ తర్వాత పొట్ట, రెక్కలు, చివరకు వీపు శుభ్రం చేసుకున్నాయి.

తర్వాత పొడి లేని ఈగలను తీసుకున్నారు. కాస్త వేడి తగలగానే ఎంచుకున్న కొన్ని నాడీకణాలు మాత్రమే పనిలోకి దిగేలా వాటిని ముందే తయారుచేశారు. ఒక రకం కణాలు మేల్కొంటే, ఒంటి మీద దుమ్మే లేకపోయినా ఈగ కళ్లు తుడుచుకుంది. మరో రకం మేల్కొంటే రెక్కలు దువ్వుకుంది. రెండు పనులనూ ఒకేసారి పురిగొల్పితే, వరుసలో ముందున్న పనే గెలిచింది.

దీన్నిబట్టి వాళ్లు చెప్పింది ఇది. ఒళ్లంతా దుమ్ము పడితే అన్ని పనులకూ ఒకేసారి పిలుపు వస్తుంది. ముందున్న పని వెనకున్న వాటిని అణచి ఉంచుతుంది. కళ్లు శుభ్రపడే కొద్దీ ఆ పట్టు సడలి, తర్వాతి పనికి వంతు వస్తుంది. ఒకటి, రెండు, మూడు అని ఈగ తలలో ఎవరూ జాబితా రాసిపెట్టనక్కర్లేదు.

ఇంకో వింత ఉంది. తల లేని ఈగ కూడా కొంతసేపు నిలబడగలదు. ఒంటి మీది సన్నని వెంట్రుకను తాకితే, కాలితో అక్కడ తుడుచుకోగలదు. కాళ్లను ఆడించే నాడీకణాలు దాని రొమ్ము భాగంలో, మన వెన్నుపాములాంటి నాడీదండంలో ఉండటమే కారణం. ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో మెదడు నుంచి దిగే నాడులు చెబుతాయి. ఈగ మెదడులో సుమారు 1,40,000 నాడీకణాలు ఉన్నాయి. వాటి మధ్య 5 కోట్లకు పైగా ఉన్న కలయికలను చూపే పూర్తి పటం 2024 అక్టోబరులో వచ్చింది.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. వేడికి చచ్చుబడి పడిపోయి, చల్లబడగానే లేచే ఈగల నాడుల్లో లోపాలపై ఒబైద్ సిద్దిఖీ, సీమోర్ బెంజర్ 1976లో పరిశోధన ప్రచురించారు. తర్వాత సిద్దిఖీ బెంగళూరులో జాతీయ జీవశాస్త్ర కేంద్రాన్ని నెలకొల్పారు. నీలగిరి దాటితే వచ్చే మైసూరులో, అక్కడి విశ్వవిద్యాలయం రకరకాల డ్రోసోఫిలా ఈగలను కాపాడుతోంది.

మన తరగతి గదిలో

సైన్సు తెలుగులో చదివితే రేపు పిల్లలు వెనకబడరా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. పై చదువులకు ఇంగ్లీషు కావాలి, ఊళ్లో బతకడానికి తమిళం కావాలి. కానీ చూసింది చూసినట్టు చెప్పడం పిల్లలకు మొదట ఇంటి మాటలోనే వస్తుంది. పైగా మనం నరం అంటే పక్కింటివారు నరంబు అంటారు. ఒక భాషలో అర్థమైన విషయం రెండో భాషలోకి సులువుగా నడుస్తుంది.

దీనికి ఖర్చు లేదు. గాజు సీసాలో మగ్గిన అరటిపండు ముక్క వేసి మూత తీసి ఉంచండి. ఈగలు చేరాక పలుచని గుడ్డ కట్టండి. ఇద్దరిద్దరు పిల్లలకు ఒక్కో ఈగను అప్పగించండి. ఒకరు చూసి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. ఐదు నిమిషాల్లో కళ్లు ఎన్నిసార్లు తుడిచింది, రెక్కలు ఎన్నిసార్లు దువ్వింది, ముందుకాళ్లు ఎన్నిసార్లు రుద్దుకుంది అని గీతలు పెట్టాలి. ముందు తెలుగులో రాయించి, తర్వాత అదే తమిళంలో చెప్పించండి. పదీ పన్నెండు రోజుల్లో సీసాలోనే కొత్త ఈగలు పుట్టడమూ చూడొచ్చు. పని అయ్యాక ఈగలను బయట వదిలి, సీసా కడిగించి, పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి.

ఉపాధ్యాయులకు ఒక మాట. పైన చెప్పిన వరుస ఒళ్లంతా దుమ్ము పట్టిన ఈగలది. సీసాలోని ఈగ మీద దుమ్ము ఉండకపోవచ్చు, కాబట్టి రెక్కలతోనే మొదలుపెట్టవచ్చు. పిల్లల లెక్క ఈ పేజీలో రాసినదానితో కలవకపోతే కొట్టివేయకండి. ఎందుకు కలవలేదో వాళ్లనే అడగండి.