వెనుక చక్రం మూలిగితే...

మన ఉద్యోగుల క్వార్టర్ల ముందు నేటికీ అక్కడక్కడ మారుతి 800 కార్లు దర్శనమిస్తాయి. 1983 చివరలో రోడ్డెక్కిన ఆ బండి ఉత్పత్తి 2014 జనవరిలో ఆగిపోయింది. కనుక వాటిలో ఎంత కొత్తదైనా పదేళ్లు దాటినదే. ఇంజనును శ్రద్ధగా చూసుకునే యజమానులు సైతం వెనుక చక్రాల డ్రమ్ము బ్రేకులను అవి కీచుమనే వరకు పట్టించుకోరు. కీచుమన్న వెంటనే లైనింగులు మార్పిస్తారు. మా అభిప్రాయంలో ఈ పద్ధతి తలక్రిందులైనది.

డ్రమ్ములో రెండు షూలుంటాయి. బండి ముందుకు సాగుతున్నప్పుడు ముందరి షూను డ్రమ్ము తనతో లాక్కొని మరింత గట్టిగా తనకే అదుముకుంటుంది. కొద్దిపాటి ఒత్తిడితో మంచి పట్టు దొరకడానికి కారణం ఇదే. అయితే పట్టును పెంచే ఆ గుణమే లోపాన్నీ పెంచుతుంది. ఒక వైపు లైనింగుకు కాస్త జిడ్డు తగిలినా కుడి ఎడమల నడుమ తేడా ఇనుమడిస్తుంది. తడి రోడ్డుపై వెనుక చక్రం ఒకటి ముందుగా బిగుసుకుంటే బండి వెనుకభాగం పక్కకు జారుతుంది. పిల్లలను ఎక్కించుకొని తిరిగే బండి విషయంలో ఇది ఉపేక్షింపదగినది కాదు.

శబ్దాలన్నీ ఒక్కటి కావు. రాత్రి వానలో నిలిచిన కారు ఉదయం గరగరలాడి, నాలుగైదుసార్లు బ్రేకు వేసేసరికి సద్దుమణిగితే అది పైపొర తుప్పు మాత్రమే. ఇనుమును ఇనుము గీస్తున్న చప్పుడైతే లైనింగు పూర్తిగా అరిగినట్లే; ఆ బండిని ఇక నడపరాదు. పది కిలోమీటర్లు తిరిగివచ్చి రెండు వెనుక చక్రాల దగ్గర అరచేయి ఉంచి చూడండి, తాకకుండా. ఒకటి బాగా వేడెక్కి ఉంటే అక్కడ షూ వదలడం లేదు. హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పుపట్టడం దీనికి తరచు కారణమవుతుంది.

డ్రమ్ము విప్పేటప్పుడు ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండుపై నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మరాదు. లోపలి ధూళిని నోటితో గాని గాలిగొట్టంతో గాని ఊదకండి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడవడం మేలు.

తరువాత చూడవలసినది వీల్ సిలిండరు. దాని చివరి రబ్బరు తొడుగు అంచును మెల్లగా ఎత్తితే లోపల తడి కనిపిస్తుందా? కనిపిస్తే బ్రేకు ఆయిలు కారుతున్నట్లే. మన కాలనీలో ఒకరి బండికి ఒకే ఏడాదిలో రెండుసార్లు లైనింగులు మార్చారు. రెండుసార్లూ కొన్ని వారాలకే కుడి చక్రం మళ్లీ పట్టేయసాగింది. చివరకు తేలినదేమంటే, సిలిండరులోని చిన్న రబ్బరు కప్పు చెడిపోయింది! నూనె పీల్చిన లైనింగును గరుకు కాగితంతో రుద్ది తిరిగి వాడటం కొన్ని షెడ్లలో పరిపాటి. వేడెక్కగానే ఆ నూనె మళ్లీ పైకి ఊరుతుంది గనుక అది వృథా ప్రయాస. సిలిండరు రబ్బర్లను కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో కడగడం అంతకన్నా చేటు; అవి ఉబ్బి పాడైపోతాయి.

లైనింగులు మార్చక తప్పనప్పుడు రెండు వైపులా ఒకేసారి మార్పించండి. డ్రమ్మును లేతుపై చెక్కించవలసివస్తే దానిపై ముద్రించి ఉండే గరిష్ఠ వ్యాసాన్ని ముందుగా చూడమని మెకానిక్కును అడగండి. ఆ కొలత దాటిన డ్రమ్మును తుక్కులో వేయవలసిందే.