జబ్బు, అప్పు, పేదరికము: ఒక ఆచార్యుని పరిశోధన

ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తియైనది. నాటినుండి గోదావరి నీరు కాలువల వెంట పారి మన డెల్టాను అన్నపూర్ణగా మార్చినది. అయినను ఇచ్చటి ఏ ఊరికి పోయినను ఒక మాట వినబడుచునే యుండును: "ఆ ఇల్లు ఒకప్పుడు బాగానే ఉండేది, జబ్బు చేసి చితికిపోయింది." ఈ మాటను లోకాభిరామాయణముగా విని ఊరకొనక, శాస్త్రీయముగా లెక్క కట్టవచ్చునా? కట్టవచ్చునని చూపినవారిలో ఆచార్య అనిరుధ్ కృష్ణ ఒకరు.

వీరు ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అర్థశాస్త్రము చదివి, ఐ.ఏ.ఎస్. ఉద్యోగిగా 14 సంవత్సరములు పనిచేసిరి. పిమ్మట అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి 2000లో డాక్టరేటు పొందిరి. తరువాత డ్యూక్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. పేదరికమును గూర్చి వీరు వేసికొన్న ప్రశ్న చాల చిన్నది: పేదలు ఎందరు అని మాత్రమే కాక, ఎవరు క్రొత్తగా పేదలగుచున్నారు, ఎందుచేత?

ఈ ప్రశ్న విలువ తెలియుటకు ఊరి చెరువును తలచుకొనుడు. చెరువులో నీటిమట్టము ఏడాది పొడుగున ఇంచుమించు ఒకే తీరున ఉన్నదనుకొందము. నీరు కదలుటలేదని మనము తలంచవచ్చును. కాని ఒకవైపు కాలువ నుండి నీరు వచ్చుచు, మరియొకవైపు తూము గుండ పోవుచుండవచ్చును. మట్టమును మాత్రమే కొలిచినవానికి ఈ రెండు ప్రవాహములును కనబడవు. పేదల మొత్తపు సంఖ్యయు అట్టిదే.

ఈ రెండు ప్రవాహములను విడివిడిగా కొలుచుటకు కృష్ణగారు ఒక పద్ధతిని రూపొందించిరి. మొదట ఊరివారినందరిని ఒకచోట కూర్చుండబెట్టి, "కటిక పేదవాని చేతికి నాలుగు డబ్బులు వచ్చిన మొదట ఏమి చేయును? తరువాత ఏమి చేయును?" అని అడుగుదురు. కడుపునిండ తిండి మొదటి మెట్టు. కట్టుబట్టలు, అప్పు తీర్చుట, ఇంటి మరమ్మతు, పిల్లల చదువు మొదలగునవి పై మెట్లు. ఏ మెట్టు దాటినవానిని పేదవాడనరాదో ఊరివారే నిర్ణయింతురు.

తరువాత ప్రతి కుటుంబము నేడు ఏ మెట్టుపై నున్నది, పాతికేండ్ల క్రిందట ఏ మెట్టుపై నుండెను అని అడుగుదురు. "పాతికేండ్ల క్రిందట" అన్న ఎవరికిని సరిగా గుర్తుండదు. కనుక అందరికిని జ్ఞాపకముండు సంఘటన నొకదానిని గుర్తుగా పెట్టుకొందురు. మన కోనసీమవారికైతే 1996 నవంబరు తుపాను అట్టి గుర్తు కాగలదు. ఇట్లు కుటుంబములు నాలుగు తెగలగును: అప్పుడును ఇప్పుడును పేదలైనవారు, పేదరికము దాటినవారు, క్రొత్తగా అందులో పడినవారు, ఎన్నడును పేదలు కానివారు. పిదప కుటుంబములను వేరుగా కలిసికొని కారణములు విచారించి, ఊరివారు చెప్పినదానితో సరిచూతురు.

రాజస్థాన్‌లో మొదలైన ఈ పరిశీలన నాటి ఆంధ్రప్రదేశ్‌లోని నల్లగొండ, ఖమ్మము, తూర్పు గోదావరి జిల్లాలలో 36 గ్రామములకు వచ్చినది. దాని ఫలితములు 2006లో వెలువడినవి. పాతికేండ్లలో నూటికి 14 కుటుంబములు పేదరికము దాటినవి. అదే కాలములో నూటికి 12 కుటుంబములు అందులో పడినవి. నికరముగా తగ్గినది నూటికి రెండు మాత్రమే! అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. పైకెక్కుటకును క్రింద పడుటకును కారణములు ఒకటి కావు. పడుటకు తరచుగా కనబడిన కారణములలో అనారోగ్యము, వైద్యపు ఖర్చు ముందున్నవి. హెచ్చు వడ్డీ అప్పులు, పెండ్లిండ్లు, కర్మకాండల వంటి ఆచారముల ఖర్చు, కరవు వాటికి తోడైనవి. కృష్ణగారు 2010లో ప్రకటించిన గ్రంథమునకు "వన్ ఇల్‌నెస్ అవే" అని పేరు పెట్టిరి. పేదరికము ఒక్క జబ్బు దూరములోనే ఉన్నదని దాని భావము.

ఇది ఎట్లు జరుగునో ఒక ఊహాచిత్రము చూతము. పది ఎకరముల రైతుకును, అతని పొలములో పనిచేయు కూలికిని ఒకే ఏడు పక్షవాతము వచ్చినదనుకొనుడు. రోగమొక్కటే. రైతు కవులు డబ్బుతో మందులు కొనును. కూలివాని ఇంట ఆనాటినుండే రాబడి ఆగును. భార్య రోగికి తోడుగా ఉండవలసినందున ఆమె కూలియు పోవును. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి ఇరువది వేలు తెచ్చిన, వడ్డీయే ఏటికి 7,200 రూపాయలు! ముందు పాడిగేదె పోవును, తరువాత పిల్లవాని చదువు పోవును. రోగము సమానమైనను దాని ఫలితము అసమానము.

డెల్టాలో ఎట్టి రోగములు హెచ్చుగా నున్నవి? 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనాభాలో, సంభవించిన 1,354 మరణములను పరిశోధకులు పరిశీలించిరి. పల్లెలలో పలు మరణములకు వైద్యుని ధ్రువపత్రముండదు. కనుక శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటివారిని అడిగి రోగ లక్షణములు వ్రాసికొనగా, వాటినిబట్టి వైద్యులు కారణము నిర్ణయించిరి. నూటికి 32 మరణములు గుండెపోటు, పక్షవాతము మొదలగు రక్తప్రసరణ వ్యాధుల వలన కలిగినవి. అంటువ్యాధుల వాటా నూటికి 12 మాత్రమే. రక్తపోటు వంటి రోగములకు మందు జీవితాంతము వాడవలెను. అనగా ఖర్చు ఒక్కసారితో తీరదు.

ఈ పరిశోధనకును హద్దులు కలవు. 36 గ్రామములు రాష్ట్రమంతటికి ప్రతినిధులు కావు, జ్ఞాపకము పొరపడవచ్చును. అంతేకాక, ఈ ఫలితములు 2007లో ఆరోగ్యశ్రీ మొదలగుటకు ముందటివి. ఆ పథకము పెద్ద చికిత్సల భారమును తన తలపై వేసికొన్నది. కాని మంచమెక్కిన నాళ్ళలో పోయిన కూలిని ఆసుపత్రి బిల్లులో ఎవరును వ్రాయరు.

కాలువగట్టు ప్రక్క బ్రతుకు మనకు గండి యన్న నేమో తెలియును. గండి పడిన పిమ్మట మట్టి పోయుటకంటె, ఊట కనబడినపుడే గట్టు బలపరచుట మేలు. పల్లెలో రక్తపోటు చూచుట, మాత్రలు ఎడతెగక అందించుట అట్టి పనులు. క్రొత్త ఉపాధులు కల్పించి పేదలను పైకి తెచ్చుట ఎంత అవసరమో, పైకి వచ్చినవారిని జబ్బు క్రిందికి లాగకుండ కాచుటయు అంత అవసరము. కాలువ నుండి వచ్చు నీటిని ఎంత పెంచినను, తూము మూయని చెరువు నిండదు గదా!