పేగుల అలజడి – మందుల ఎంపిక

మహానంది యాత్ర చేసి వచ్చినవారికి కడుపు చెడినచో "నీళ్ళు పడలేదు" అనుట మన ఇండ్లలో వాడుక. అడుగున పడిన గుండుసూది సయితము కనబడునని పేరొందిన ఆ కోనేటిని నిందించుటకు మాకు మనసొప్పదు. తేటనీటిలోను సూక్ష్మక్రిములుండవచ్చుననుట నిజమే. కాని వాటివలన వచ్చిన విరేచనములు సాధారణముగ కొలది దినములలో తగ్గును. అట్లుగాక, నెలల తరబడి కడుపునొప్పితో విరేచనములో, మలబద్ధమో, ఒకదాని వెంట ఒకటిగ రెండునో బాధించుచు, పరీక్షలలో పేగున పుండుగాని వాపుగాని కనబడనిచో, వైద్యులు దానిని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అందురు. పేగులకును మెదడునకును నడుమ నడచు సంకేతములు తప్పుదారి పట్టుటయే ఇందలి చిక్కు. అతిసారము తగ్గిన పిదప కొందరికి ఇది మిగిలిపోవుటయు కలదు.

దీనిని "అమీబా" అని తలచి మాటిమాటికి మెట్రోనిడజోల్ బిళ్ళలు మ్రింగువారు మనలో పెక్కురు. అమీబా లేనిచోట ఆ మందువలన మిగులునది వికారమును, నోటిలో లోహపు రుచియును మాత్రమే.

ఈ వ్యాధిని సమూలముగ తీసివేయు మందు లేదు. ఏ బాధ ముఖ్యమో దానినిబట్టి మందు మారును. మలబద్ధమునకు ఇసబ్గోల్ పొట్టు మంచిది. కొద్దికొద్దిగ మొదలిడి, పుష్కలముగ నీటితో పుచ్చుకొనవలెను. లేనిచో ఉబ్బరము హెచ్చును. మెలిపెట్టు నొప్పికి మెబెవెరిన్, డైసైక్లమిన్ వంటివి పేగు కండరములను సడలించును. డైసైక్లమిన్ నోటిని ఎండించును. నీటికాసుల వ్యాధి కలవారికి తగదు. లోపెరమైడ్ విరేచనముల వేగమును తగ్గించును గాని నొప్పిని తగ్గింపదు. శివరాత్రినాడు గంటలకొలది వరుసలో నిలువవలసినవారికి అది అక్కరకు వచ్చును. జ్వరమో, మలమున రక్తమో ఉన్నచో దానిని ముట్టరాదు.

వీటికి లొంగనప్పుడు వైద్యులు రాత్రిపూట స్వల్పమోతాదున అమిట్రిప్టిలిన్ ఇత్తురు. "ఇది మనోవ్యాధి మందు కదా!" యని రోగులు జంకుట మేమెరుగుదుము. స్వల్పమోతాదున అది పేగులనుండి వచ్చు నొప్పి సంకేతములను మందగింపజేయును. 463 మంది రోగులపై ఇంగ్లండులో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో ఉత్తుత్తి బిళ్ళకంటె అది మేలని తేలినది.

బరువు తగ్గుట, రక్తహీనత, నిద్రలేపు విరేచనములు, ఏబదియేండ్లు దాటిన పిదప కొత్తగ పుట్టిన బాధ – ఇవి ఈ వ్యాధి లక్షణములు కావు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరిని బలిగొన్న స్ప్రూ కూడ విరేచనములతో కూడినదే. ఇట్టి గుర్తులున్నవారు మందుల దుకాణమునకు గాక నేరుగ వైద్యునికడకు పోవలెను.