ఇరవై మూడు గంటల దినము

దినమునకు 24 గంటలని పిల్లలెల్లరు ఎరుగుదురు. కాని భారత ప్రామాణిక కాలములో 23 గంటలే గల దినము లేకపోలేదు. అది 1942 సెప్టెంబరు 1, మంగళవారము.

సికింద్రాబాదులోని ఒక పాఠశాలలో పాత విద్యార్థుల పుట్టిన తేదీలను లినక్సు కంప్యూటరులో ఎక్కించుచున్నారనుకొందము. అందు 'డేట్' అను ఆజ్ఞ కలదు. తేదీని టైపు చేసి యిచ్చినచో అది ఏ వారమో చెప్పును. కాని 1942 సెప్టెంబరు 1 అని యిచ్చినచో, ఆ తేదీ చెల్లదని బదులిచ్చును! దాని ముందు దినమునకు గాని, మరునాటికి గాని ఈ చిక్కు లేదు.

కారణమేమి? రెండవ ప్రపంచ యుద్ధకాలమున ప్రామాణిక కాలమును ఒక గంట ముందుకు జరిపిరి. గ్రీనిచ్ కాలము కంటె ఐదున్నర గంటలు ముందుండునది ఆరున్నర గంటలు ముందయ్యెను. కంప్యూటరులో దేశమంతటికి 'ఆసియా, కోల్‌కతా' అను ఒకే కాలపట్టిక కలదు. దాని ప్రకారము ఆగస్టు 31 రాత్రి 12 కావలసిన క్షణమున గడియారము 1 గంటకు దూకినది. గంట చెప్పక తేదీ మాత్రమే యిచ్చినచో, డేట్ ఆజ్ఞ దానిని ఆ దినారంభమగు అర్ధరాత్రిగా గ్రహించును. ఆ అర్ధరాత్రి పట్టికలో లేనే లేదు! 1945 అక్టోబరు 15 ఆరంభమున గడియారమును వెనుకకు త్రిప్పిరి. అందుచే అక్టోబరు 14 రాత్రి 11 మొదలు 12 వరకు గల గంట రెండుమార్లు వచ్చి, ఆ దినమునకు 25 గంటలయ్యెను.

దినముల లెక్కలో గల పొరపాటు ఇంకను సూక్ష్మమైనది. రెండు తేదీల నడుమ గల సెకనులను 86,400తో భాగించి దినములు తెలిసికొనుట వాడుక. 1942 ఆగస్టు 31 ఆరంభమునుండి సెప్టెంబరు 2 ఆరంభము వరకు పంచాంగము ప్రకారము 2 దినములు. కాని గడచినవి 47 గంటలే, అనగా 1,69,200 సెకనులు. భాగించినచో భాగఫలము 1 మాత్రమే! తప్పు జరిగినట్లు కంప్యూటరు హెచ్చరింపదు.

దీనికి ఉపాయము సులభము. దినములు లెక్కించునపుడు తేదీలను విశ్వకాలములో చదువుమని చెప్పవలెను. ఆజ్ఞ ప్రక్కన ఒక అడ్డుగీత, 'యు' అను ఆంగ్లాక్షరము చేర్చిన చాలును. విశ్వకాలమున గడియారము ముందుకు వెనుకకు జరుగదు. అపుడు 1,72,800 సెకనులు వచ్చి, భాగఫలము సరిగా 2 అగును. పుట్టిన తేదీయు చెల్లును.

అయితే అన్నిచోట్ల ఈ ఉపాయము తగదు. ఆ ఆగస్టు 31 రాత్రి 10 గంటలకు బయలుదేరి, ఉదయము 6 గంటలకు చేరిన రైలు ఎంతసేపు నడిచెను? గడియారము చూచిన 8 గంటలు. నిజమునకు 7 గంటలే. ఇట్టి ప్రశ్నకు స్థానిక కాలపట్టికయే ప్రమాణము.

న్యూయార్కులో ఏటేట మార్చిలో ఒక 23 గంటల దినము, నవంబరులో ఒక 25 గంటల దినము వచ్చును. కనుక లెక్కకు పూనుకొనునపుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: కావలసినవి పంచాంగపు దినములా, గడచిన గంటలా?