గ్యాస్ కాని పైకడుపు నొప్పి

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలోనైనా, చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా పైకడుపులో నొప్పి అంటే మొదట వినిపించే మాట గ్యాస్. చాలాసార్లు అది నిజమే. మాత్ర వేసుకుంటే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం నొప్పి తీరు వేరు. తిన్న కాసేపటికి రొమ్ము ఎముక కింద మొదలై నేరుగా వీపులోకి దిగుతుంది. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి వదలదు. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త నెమ్మదిస్తుంది. సూది వేయించుకుని సెలైన్ పెట్టించుకుంటే పోతుంది, కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. ఇలా వచ్చిపోయే నొప్పి దీర్ఘకాలిక క్లోమశోథ (క్లోమ గ్రంథి ఏళ్ల తరబడి వాస్తూ, మెల్లగా గట్టిపడిపోయే జబ్బు) కావచ్చు. డాక్టర్లు దీన్నే క్రానిక్ పాంక్రియాటైటిస్ అంటారు.

క్లోమం పొట్ట వెనుక, వెన్నెముక ముందు అడ్డంగా ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. నొప్పి వీపులోకి దిగడానికి కారణం అది ఉన్న చోటే. దానికి రెండు పనులు. ఒకటి, తిండిని అరిగించే రసాన్ని తయారుచేసి ఒక సన్నని నాళం ద్వారా చిన్నపేగులోకి పంపడం. రెండోది, ఇన్సులిన్‌ను నేరుగా రక్తంలోకి వదలడం.

ఆ రసంలో ట్రిప్సిన్ (మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైము) ఉంటుంది. మాంసాన్ని కరిగించేది గ్రంథిని కరిగించకుండా ఎలా ఉంటుంది? క్లోమం దాన్ని నిద్రాణంగా తయారుచేస్తుంది. అది పేగులోకి చేరాకే మేలుకోవాలి. పొరపాటున లోపలే మేలుకుంటే దాన్ని పట్టి ఆపడానికి స్పింక్1 అనే మరో ప్రోటీను కాపలా ఉంటుంది. ఈ కాపలా బలహీనపడినా, మద్యమూ పొగాకూ గ్రంథిని పదేపదే దెబ్బతీసినా వాపు మొదలవుతుంది. ప్రతి వాపూ కొంత మచ్చ మిగిల్చి పోతుంది. రసం చిక్కబడుతుంది, అందులోని ప్రోటీన్లు నాళంలో ముద్దకడతాయి, వాటిమీద కాల్షియం పేరుకుని రాళ్లవుతుంది. అరటి తోటలో డ్రిప్పు పైపు ఉప్పు పట్టి మూసుకుపోతే నీళ్లు వెనక్కి తన్నుతాయి కదా, ఇక్కడ రసం అలా నిలిచిపోయి నాళం ఉబ్బుతుంది. నొప్పికి ఆ ఒత్తిడి ఒక ముఖ్య కారణం. గ్రంథిలోని నరాలు దెబ్బతినడం మరొకటి.

తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారం, వ్యర్థాల చెరువు పక్కన బతికేవాళ్లకు ఒక అనుమానం రావడం సహజం. బోరు నీళ్ల వల్లే ఈ రాళ్లు పుడుతున్నాయా? క్లోమంలోని రాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. ఆ కాల్షియం క్లోమరసంలోంచి వచ్చిందే, తాగిన నీళ్లలోంచి నేరుగా పేరుకున్నది కాదు. నీళ్లలో యురేనియం హద్దు దాటితే ప్రధానంగా దెబ్బతినేవి మూత్రపిండాలు. నీళ్ల గురించి ఊళ్లు అడుగుతున్న ప్రశ్నలు న్యాయమైనవి, వాటికి జవాబు రావాలి. కానీ క్లోమ రోగి ఆ జవాబు వచ్చేదాకా వైద్యం వాయిదా వేసుకోకూడదు.

ఇంకో అభిప్రాయం రోగిని ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. క్లోమశోథ తాగుబోతుల జబ్బని చాలామంది అనుకుంటారు. 2008లో వెలువడిన దేశవ్యాప్త పరిశీలనలో వెయ్యిమందికి పైగా రోగుల వివరాలు చూశారు. మద్యం కారణంగా వచ్చినవాళ్లు నూటికి 39 మంది. సుమారు 60 మందిలో స్పష్టమైన కారణమే దొరకలేదు. అంతకుముందు కేరళలో, ఉష్ణదేశాల్లో చిన్న వయసువాళ్లకు వచ్చే రకాన్ని గమనించి, కర్రపెండలం తిండి వల్లేమోనని చాలాకాలం అనుకున్నారు. ఆ వాదన నిలబడలేదు. 2002లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఈ రకం రోగుల జన్యువులు పరీక్షిస్తే 44 శాతం మందిలో స్పింక్1 జన్యువులో మార్పు కనిపించింది. అంటే కాపలా పుట్టుకతోనే బలహీనం. చుక్క ముట్టని ఇరవై ఏళ్ల పిల్లకు ఈ జబ్బు వస్తే ఆమెను అనుమానంగా చూడటం అన్యాయం. అలాగని మద్యానికీ పొగాకుకూ మినహాయింపు లేదు. కారణం ఏదైనా, బీడీ, సిగరెట్టు, మద్యం జబ్బును వేగంగా ముందుకు తోస్తాయి. వైద్యంలో మొదటి మెట్టు వాటిని పూర్తిగా మానడమే.

జబ్బు ఆలస్యంగా బయటపడటానికి ఒక కారణం రక్తపరీక్ష. అమైలేజ్, లైపేజ్ (క్లోమం వాచినప్పుడు రక్తంలో పెరిగే ఎంజైములు) ఉన్నట్టుండి వచ్చే వాపులో బాగా పెరుగుతాయి. ఏళ్లుగా నలిగిన గ్రంథిలో వాటిని తయారుచేసే కణాలే తగ్గిపోయి ఉంటాయి కాబట్టి రిపోర్టు మామూలుగా రావచ్చు. రిపోర్టు బాగుందంటే క్లోమం బాగున్నట్టు కాదు. అల్ట్రాసౌండులో రాళ్లూ ఉబ్బిన నాళమూ కనిపించవచ్చు, కానీ పేగులోని గాలి అడ్డొస్తే గ్రంథి సరిగా కనబడదు. సీటీ స్కాను రాళ్లను స్పష్టంగా చూపిస్తుంది. నాళం ఆకారానికి ఎంఆర్‌సీపీ (అయస్కాంత స్కానుతో నాళాల బొమ్మ తీయడం) చేస్తారు. ఇంకా తొలిదశలో ఉందనిపిస్తే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు (గొంతులోంచి పంపిన గొట్టం చివర నుంచి దగ్గరగా స్కాను చేయడం) అవసరమవుతుంది. మామూలు ఎండోస్కోపీ పొట్ట, చిన్నపేగు మొదటి భాగం లోపలిదాకే చూస్తుంది. అందులో ఏమీ లేదన్నారని నిశ్చింతగా ఉండటానికి లేదు.

చికిత్సలో నొప్పి, అరుగుదల, షుగర్ మూడూ వేర్వేరు పనులు. నొప్పికి ముందు మందులు. యాంటీఆక్సిడెంట్లు కొందరిలో నొప్పి రోజులను తగ్గించాయని 2009లో ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధన చూపించింది. ప్రధాన నాళంలో పెద్ద రాయి ఉంటే మందులు చాలవు. మూత్రపిండాల రాళ్లను బయటినుంచి తరంగాలతో పగలగొట్టే పద్ధతినే క్లోమానికీ వాడతారు. ఈ పనిలో హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ప్రపంచంలో పేరుంది. దాన్ని నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి కర్నూలు మెడికల్ కాలేజీలో చదివినవారు. 2010లో అక్కడి వైద్యులు 1,006 మంది రోగుల ఫలితాలు ప్రకటించారు. నూటికి 76 మందిలో రాళ్లు పూర్తిగా పోయాయి. తర్వాతి పరిశీలనలో, ఐదేళ్లు దాటినవాళ్లలో నూటికి 60 మంది నొప్పి లేకుండా ఉన్నారు. మిగిలినవాళ్ల సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

రెండో దారి ఆపరేషన్. ఉబ్బిన నాళాన్ని పొడవునా తెరిచి పేగుకు కలుపుతారు, రసానికి కొత్త దారి దొరుకుతుంది. 2020లో నెదర్లాండ్స్ వైద్యులు 88 మందిని రెండు జట్లుగా చేసి పోల్చారు. ముందే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి తక్కువగా ఉంది. కాబట్టి గట్టి నొప్పి మందులకు అలవాటుపడేదాకా ఆగకుండా, మొదట్లోనే సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోవడం మంచిదని నా నమ్మకం. ఇందుకు కడప రిమ్స్ నుంచి కర్నూలు పెద్దాసుపత్రికో తిరుపతి స్విమ్స్‌కో వెళ్లవచ్చు. క్లోమ శస్త్రచికిత్సలు ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్నాయి, ఇప్పుడా పథకం పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ.

అరుగుదల తగ్గిన గుర్తు విరేచనంలో ఉంటుంది. నూనె తేలుతుంది, వాసన ఎక్కువ, నీళ్లు పోసినా సులభంగా పోదు. చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం కావడంతో చాలామంది డాక్టరుకు చెప్పరు. బాగా తింటున్నా మనిషి చిక్కిపోతుంటాడు. దీనికి ఎంజైము క్యాప్సూళ్లు ఇస్తారు. వాటిని పరగడుపున మింగితే లాభం లేదు. సంగటి ముద్దతో పాటే, తినడం మొదలుపెట్టినప్పుడూ మధ్యలోనూ వేసుకోవాలి, ఎందుకంటే అవి తిండిలో కలిసి పేగులోకి వెళ్లాలి. ఇవి పంది క్లోమం నుంచి తీసినవి. అభ్యంతరం ఉన్నవాళ్లు మందు ఆపకుండా ముందే డాక్టరుతో మాట్లాడుకోవడం మేలు. నూనె పూర్తిగా మానమనే పాత సలహా చాలామందిని మరింత బక్కచిక్కేలా చేసింది. క్యాప్సూల్ సరిగా వాడితే ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) తినవచ్చు, కొద్ది కొద్దిగా ఎక్కువసార్లు తింటే ఇంకా మంచిది.

కొందరికి పదేళ్లు, పదిహేనేళ్లు గడిచాక నొప్పి దానంతటదే తగ్గుతుంది. జబ్బు నయమైందనుకుని మందులు ఆపేస్తారు. చాలాసార్లు అక్కడ జరిగింది వేరు, నొప్పి పుట్టించేంత గ్రంథి మిగల్లేదు. షుగర్ సాధారణంగా ఈ దశలోనే బయటపడుతుంది. ఇది మామూలు షుగర్ లాంటిది కాదు. ఇన్సులిన్‌తో పాటు గ్లూకగాన్ (రక్తంలో చక్కెర పడిపోతే పైకి లేపే హార్మోను) కూడా తగ్గిపోతుంది. అందుకే ఇన్సులిన్ కొంచెం ఎక్కువైనా, ఒక పూట తిండి తప్పినా చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. షుగర్ చూసే డాక్టరుకు క్లోమం జబ్బు సంగతి ముందే చెప్పి చీటీ మీద రాయించుకోవాలి. పొలానికి పోయేటప్పుడు జేబులో బెల్లం ముక్క ఉంచుకోవాలి. నొప్పి ఉన్నా లేకపోయినా ఏడాదికోసారి బరువు, షుగర్, విటమిన్ డి చూపించుకోవాలి. ఈ రోగుల్లో క్లోమ క్యాన్సర్ ముప్పు మామూలు కంటే ఎక్కువ కాబట్టి, బరువు హఠాత్తుగా తగ్గినా, కళ్లు పచ్చబడినా వెంటనే స్కాను చేయించుకోవాలి.