డఫరిన్ – సిపాయిలను మోసిన ఓడ చదువుల ఓడ అయిన కథ

నౌకాదళం అనగానే మనందరికీ ఫిరంగులున్న యుద్ధనౌకలే గుర్తుకొస్తాయి. విశాఖ వెళ్ళొచ్చిన మిత్రులు చెప్పేదీ వాటి గురించే. కానీ ఏ నౌకాదళానికైనా మోత మోసే ఓడలు కూడా కావాలి. సిపాయిలను, గుర్రాలను, తిండి గింజలను, మందుగుండును ఒక రేవు నుంచి ఇంకో రేవుకు చేర్చేవి ఇవే. వీటినే సైనిక రవాణా నౌకలు అంటారు. చరిత్ర పుస్తకాల్లో వీటికి పెద్దగా చోటు దొరకదు. అటువంటి ఒక ఓడ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో మన హాస్టల్ మిత్రులకు చెప్పాలనుకున్నాం. ఎందుకంటే అది ముసలిదయ్యాక, ఒక రకంగా చూస్తే, హాస్టల్ అయింది!

ఆ ఓడ పేరు డఫరిన్. 1904లో ఇంగ్లండులోని బారో-ఇన్-ఫర్నెస్‌లో వికర్స్ కంపెనీ వారు దాన్ని కట్టి నీళ్ళలోకి దింపారు. 1884 నుంచి 1888 దాకా మన దేశానికి వైస్రాయిగా ఉన్న లార్డ్ డఫరిన్ పేరే దానికి పెట్టారు. బర్మాను బ్రిటిష్ ఇండియాలో కలిపింది ఆయన హయాంలోనే, 1886లో. బర్మా అంటే మన కోస్తా జిల్లాల పెద్దలకు ‘రంగం’. పొట్ట చేతబట్టుకుని మనవాళ్ళు వేలకు వేలు రంగం వెళ్ళారు. అయితే వాళ్ళు ఎక్కినవి టికెట్టు కొనుక్కునే కంపెనీ స్టీమర్లు. డఫరిన్ అలాంటిది కాదు, అది సర్కారు వారి సైనిక ఓడ.

అప్పట్లో మన దేశపు నౌకాదళాన్ని రాయల్ ఇండియన్ మెరీన్ అనేవారు. 1892లో ఆ పేరు వచ్చింది. పేరుకు ఇండియన్ అని ఉన్నా, ఓడ నడిపే ఆఫీసర్లలో ఒక్క భారతీయుడూ ఉండేవాడు కాదు. మనవాళ్ళు ఓడలో ఉండేది రెండే చోట్ల. ఒకటి, ప్రయాణం చేసే సిపాయిలుగా కింది డెక్కుల్లో. రెండు, కళాసీలుగా. ఆ రోజుల్లో ఓడలు నడిచేది బొగ్గు మీద. బాయిలర్ల ముందు నిలబడి, పగలూ రాత్రీ వంతుల వారీగా పారలతో బొగ్గు వేయాలి, బూడిద తీసి పారబోయాలి. ఎర్ర సముద్రంలో వేసవి కాలాన ఆ బాయిలర్ గది ఎలా ఉండేదో మన వంటగదిలో పెద్ద పొయ్యి దగ్గర నిలబడ్డవారికి కొంచెం ఊహకు అందుతుంది, కొంచెమే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఇలాంటి రవాణా ఓడలకు కూడా తుపాకులు బిగించి యుద్ధానికి పంపారు. డఫరిన్‌కు తోటి ఓడ ‘హార్డింజ్’ 1915 ఫిబ్రవరి 3న సూయజ్ కాలువలో తుర్కుల ఫిరంగి దెబ్బలు తిన్నది. డఫరిన్ వంతు 1916 డిసెంబరులో వచ్చింది. ఆ సంవత్సరం జూన్‌లో అరబ్బులు తుర్కు సామ్రాజ్యం మీద తిరగబడ్డారు. డిసెంబరు నాటికి తుర్కు సేనలు వెనక్కు నెట్టుకుంటూ ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న యాన్బూ రేవు దాకా వచ్చేశాయి. ఆ ఊరు పోతే తిరుగుబాటు అంతటితో సరి. అప్పుడు బ్రిటిష్ కెప్టెన్ బాయిల్ ఒక్క రోజు లోపల ఐదు ఓడలను అక్కడికి చేర్చాడు. వాటిలో డఫరిన్ ఒకటి. రాత్రి పడగానే డఫరిన్, ఎం-31 అనే మరో చిన్న ఓడ తమ సెర్చిలైట్లు వెలిగించి, ఊరి బయటి మైదానం మీద ఒకదానికొకటి అడ్డంగా తిప్పుతూ కూర్చున్నాయి. పట్టపగల్లా మెరిసిపోతున్న ఆ ఇసుక నేలను దాటడానికి తుర్కులకు ధైర్యం చాలలేదు. దాడి చేయకుండానే వెనక్కు తిరిగారు. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ ఆ రాత్రి ఆ రేవులోనే ఉన్నాడు. ఆ దీపాల సంగతి తన పుస్తకంలో రాశాడు కూడా. ఆ దీపాలకు కావలసిన కరెంటు కోసం కింద బొగ్గు వేసినవాళ్ళ పేర్లు మాత్రం మనకు అందులో దొరకవు.

యుద్ధం అయిపోయాక డఫరిన్ మళ్ళీ పాత పనికి వచ్చింది. అసలు మలుపు ఇక్కడే ఉంది.

1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ వారి ‘ఎస్.ఎస్. లాయల్టీ’ అనే ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. స్వదేశీ కంపెనీ ఓడ అది. విశాఖలో ఇప్పటికీ బస్సు కండక్టరు ‘సింధియా, సింధియా’ అని కేకవేస్తాడే, ఆ పేరు ఈ కంపెనీదే. వాళ్ళే 1941లో అక్కడ ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేయించారు. సరే, ఓడ మనదే, డబ్బు మనదే. నడిపే ఆఫీసర్లు మాత్రం తెల్లవాళ్ళే. ఎందుకని? ఓడ ఆఫీసరు కావాలంటే పరీక్ష పాసై సర్టిఫికెట్ పొందాలి. పరీక్షకు కూర్చోవాలంటే ముందు కొన్నేళ్ళు అప్రెంటిస్‌గా సముద్రం మీద పనిచేసి ఉండాలి. అప్రెంటిస్‌గా తీసుకోవలసింది ఓడల కంపెనీలు. ఆ కంపెనీలేమో బ్రిటిష్ వారివి, భారతీయ కుర్రాళ్ళను తీసుకోవు. అనుభవం లేనిదే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేనిదే అనుభవం లేదు. ఈ చిక్కు మన పూర్వ విద్యార్థులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

దీని మీద 1922లో సర్ పి.ఎస్. శివస్వామి అయ్యర్ కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు. 1923లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. భారతీయ కుర్రాళ్ళకు ఒక శిక్షణ ఓడ ఉండాలని ఆ కమిటీ చెప్పింది. కొత్త ఓడ కట్టలేదు. పాతబడిన డఫరిన్‌నే బొంబాయిలో మజగావ్ రేవు ఎదుట లంగరు వేసి నిలబెట్టి, 1927లో బడిగా మార్చారు. కెప్టెన్ డిగ్బీ-బెస్ట్ దానికి మొదటి అధిపతి. హాస్టల్ భాషలో చెప్పాలంటే ఆయనే వార్డెన్. కుర్రాళ్ళు ఓడలోనే ఉండేవారు. అక్కడే తిండి, అక్కడే చదువు, ఊయల పక్కల మీద నిద్ర. తెల్లవారగానే డెక్కు కడగాలి, పడవలు దింపి తెడ్లు వేయాలి. ఒకప్పుడు సిపాయిలను కుక్కి తీసుకెళ్ళిన ఆ డెక్కుల మధ్యనే లెక్కలు, నక్షత్రాలను బట్టి దారి కనుక్కోవడం నేర్చుకున్నారు. 1935 నుంచి ఇంజనీరింగ్ శిక్షణ కూడా పెట్టారు. 1949లో దాన్ని ఒడ్డు మీదికి, కలకత్తాకు మార్చారు.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. డఫరిన్‌లో చేరాలంటే ఫీజు కట్టాలి. కాబట్టి తలుపు తెరుచుకున్నది భారతీయులందరికీ కాదు, ఫీజు కట్టగలిగిన ఇళ్ళవాళ్ళకు. కిందటి తరంలో అదే ఓడలో బొగ్గు వేసిన కళాసీ ఇంటికి ఆ తలుపు చాలా దూరం. సంక్షేమ హాస్టల్‌లో కూర్చుని ఈ కథ రాస్తున్న మాకు ఆ తేడా ముందుగా కనబడింది.

అయినా ఆ చదువు ఏమి చేసిందో చూడండి. 1927 నాటి మొదటి జట్టులో రామ్‌దాస్ కటారి అనే కుర్రాడు ఉన్నాడు. 1911లో చెంగల్పట్టులో పుట్టాడు. శిక్షణ పూర్తయ్యాక కలకత్తా పోర్టులో నది సర్వే పనిలో చేరాడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం రాగానే నౌకాదళానికి వెళ్ళాడు. 1958 ఏప్రిల్ 22న ఆయన భారత నౌకాదళానికి అధిపతి అయ్యారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే! సంవత్సరం మరోసారి చూడండి. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు దాటింది. సైన్యానికి కరియప్ప 1949లోనే అధిపతి అయ్యారు, వైమానిక దళానికి సుబ్రతో ముఖర్జీ 1954లో. నౌకాదళం ఒక్కటే అన్నేళ్ళు బ్రిటిష్ అధికారుల చేతిలో ఎందుకుంది? రాయల్ ఇండియన్ మెరీన్‌లో మొదటి భారతీయ ఆఫీసరు డి.ఎన్. ముఖర్జీ చేరిందే 1928లో. మెట్టు మెట్టు ఎక్కి పైకి రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. బడి ఆలస్యంగా తెరిస్తే అధికారం కూడా అంత ఆలస్యంగా అందుతుందన్నమాట.

కటారి హయాంలోనే 1961లో ‘విక్రాంత్’ మన దళంలో చేరింది, ఆ డిసెంబరులో గోవా విముక్తి జరిగింది. 1962లో రిటైరయ్యాక ఆయన మన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి ఛైర్మన్‌గా కూడా పనిచేశారు. ఓడల నుంచి ఎర్ర బస్సులకు! తర్వాత బర్మాకు మన రాయబారిగా వెళ్ళారు.

డఫరిన్ 1972 దాకా లంగరు మీదే ఉండి చదువు చెప్పింది. దాని స్థానంలో ‘రాజేంద్ర’ అనే ఓడ వచ్చింది. 1993లో ఆ శిక్షణ నవీ ముంబైలో ఒడ్డు మీదికి మారి ‘చాణక్య’ అయింది. ఇప్పుడది 2008లో ఏర్పడిన ఇండియన్ మారిటైం యూనివర్సిటీలో భాగం. ఆ యూనివర్సిటీకి విశాఖలోనూ క్యాంపస్ ఉంది. ప్రవేశానికి దేశమంతటికీ ఒకటే పరీక్ష. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు ఉన్నాయి, అమ్మాయిలకూ అవకాశం ఉంది. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివి ఉండాలి, ఇంగ్లిషులో చెప్పిన మార్కులు రావాలి, రంగులు స్పష్టంగా గుర్తుపట్టగల చూపు ఉండాలి. ఎం.పి.సి. చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ దరఖాస్తు తేదీ కోసం ఎండాకాలం సెలవుల ముందు నుంచే కనిపెట్టుకుని ఉండండి.