వఱద లెక్కలు - మన కర్తవ్యము

2009 సంవత్సరము అక్టోబరు తొలిదినములలో కర్నూలు పట్టణము తుంగభద్రా, హంద్రీ నదుల జలములలో మునిఁగెను. శ్రీశైలము జలాశయమునకు నాఁడు వచ్చిన ప్రవాహము సుమారు 25 లక్షల క్యూసెక్కులు. ఆ యానకట్టను నిర్మించిననాఁటి యంచనాకు నది మిక్కిలి యధికము. 2024 సెప్టెంబరునందు బుడమేరు గట్లు తెగి విజయవాడలోని పేటలు దినములతరబడి నీట నుండెను. వఱదను ముందుగా లెక్కకట్టు మార్గము లేదా యని జనులు ప్రశ్నించుట సహజము. మార్గము కలదు. అది యెట్టిదో, దాని కొఱఁత యెక్కడనో తెలిసికొనుట కర్షకులకును పట్టణవాసులకును సమానముగా నవసరమని మేము తలంచుచున్నాము.

వానకును ప్రవాహమునకును గల సంబంధమును గణితమునఁ బెట్టుట క్రొత్త కాదు. నేల నింకక మిగిలిన అంగుళము నీరు ఏ గంట కెంత యేటఁ జేరునో గీఁతరూపమునఁ జూపు పద్ధతిని 1932లో షెర్మన్ అను అమెరికా ఇంజనీరు ప్రకటించెను. నేఁ డాపనిని కంప్యూటరు సాఫ్టువేరులు చేయుచున్నవి. అమెరికా సైన్యపు ఇంజనీర్ల శాఖవారి హెచ్.ఇ.సి.-హెచ్.ఎం.ఎస్. అనునది వానలో నెంత యింకునో, ఎంత పాఱునో, ఎప్పుడు చేరునో లెక్కించును. వారిదే యగు హెచ్.ఇ.సి.-రాస్ ఆ నీ రెంత యెత్తున నిలుచునో, ఏ పొలమును ముంచునో చూపును. భూగర్భజలమునకు ఆ దేశపు భూవిజ్ఞానశాఖవారి మాడ్‌ఫ్లో కలదు. ఇవి యన్నియు మూల్యము లేకయే లభించుచున్నవి.

కాని పనిముట్టు లభించినంతమాత్రమున పంట యింటికి రాదు. ఇంకుడును లెక్కించుటకు విశేషముగా వాడఁబడు సంఖ్యాపద్ధతి అమెరికాలోని చిన్న పొలముల పరిశీలనమునఁ బుట్టినది. మన నేల గొలుసుకట్టు చెఱువుల నేల. తెలంగాణమున మిషన్ కాకతీయ కాలమున లెక్కకు వచ్చిన చెఱువులే 46 వేలకు పైబడినవి. తొలివానలు వానిలో నాఁగును. నిండిన పిదప అలుగులు పాఱును. ఒక కట్ట తెగినచో దిగువ కట్టలును తెగవచ్చును. చెఱువులను విడిచి వేసిన లెక్క తొలివానకు నెక్కువయు, తుదివానకు తక్కువయుఁ జెప్పును. అలుగు ఎత్తెంతో, పూడిక యెంతో కొలిచి యీయనిదే యంత్రము తనంత నెఱుఁగదు. ఒక వఱదతో సరిచూచిన లెక్కను మఱియొక వఱదతో పరీక్షింపక నమ్మరాదు.

కావున సాధనమును పరదేశమునుండి తెచ్చుకొనుటలో తప్పులేదు; మన నేల కొలతలను మాత్రము మనమే కొలువవలెను. ప్రభుత్వమువారు ప్రతి చెఱువు కొలతలను, వాగుల ప్రవాహములను బహిరంగపఱుపవలెను. పురపాలకులు ముంపుపటములను ప్రకటించిన పిదపనే గృహనిర్మాణమున కనుమతి యీయవలెను. భూస్వాములు తమ యూరి అలుగును, వాగు హద్దును కాపాడవలెను. వాగును పూడ్చి కట్టిన యింటికి ఏ లెక్కయు రక్షణ యీయఁజాలదు.